అరిట్టాపట్టి కొండల్లో ముక్కనుమ

మదురై, కోయంబత్తూరు తెలుగు ఇళ్లల్లో పిల్లలకు వంటల పేర్లు, చుట్టాల వరసలు తెలుగులోనే వస్తాయి. చెట్టు పేరో పిట్ట పేరో అడిగి చూడండి, తమిళంలో చెబుతారు. నాయకరాజుల కాలం నుండి బడిలో లేకపోయినా ఇంట్లో నిలిచిన భాష మనది. కాని ఇంట్లో నిలిచిన భాషకు ఇంట్లో ఉన్నవాటి పేర్లే మిగులుతాయి. పొలాలమ్మి అపార్టుమెంట్లకు చేరాక మరీను.

2025 జనవరి 16, ముక్కనుమ. ఇక్కడివాళ్లకు కాణుం పొంగల్. తొమ్మిదేళ్ల మా అమ్మాయిని వెంటబెట్టుకొని మేలూరు దారిలో అరిట్టాపట్టికి వెళ్లాను. మదురైకి పాతిక కిలోమీటర్లు. ఏడు రాతికొండలు, వాటి చుట్టూ చెరువులు. 2022 నవంబరులో తమిళనాడు ప్రభుత్వం ఇక్కడి 193.42 హెక్టార్లను రాష్ట్రంలో మొదటి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. సుమారు 250 రకాల పక్షులు, 72 చెరువులు, 200 ఊటలు ఉన్నాయని ప్రభుత్వపు లెక్క.

చెరువుగట్టు ఎక్కామో లేదో, "నైనా, పనంకాడై!" అని కేకేసింది. కరెంటు తీగ మీద నీలిరెక్కల పిట్ట. తెలుగులో పాలపిట్ట అన్నాను.

"దీంట్లో పాలెక్కడున్నాయి? పనమరం తొర్రలో గూడు పెడుతుంది కాబట్టి పనంకాడై. అదే సరి."

తర్కం దానిదే. దసరానాడు పాలపిట్టను చూస్తే శుభమని తెలుగునాట ఊరి బయటికి వెతుక్కుంటూ పోతారని, తెలంగాణకు అది రాష్ట్రపక్షి అని చెప్పాక, "అయితే రెండు పేర్లూ పెట్టుకుందాం" అంది. అక్కడి నుండి అదే ఆట. ఆలమరానికి మర్రి, ఎరుంబుకు చీమ. కొన్ని చుట్టాలే: వేంబు మన వేప, తుంబి మన తుమ్మెద. ఈ కొండల్లో అలుగు ఉందనగానే, "అళుంగు!" అని ఎగిరింది. రాత్రిపూట తిరిగే దేవాంగపిల్లి తమిళంలో తేవాంగు. ఆ రెండూ మాకు కనబడలేదు లెండి, పగలు కనబడే జీవాలు కావు.

జైనమునుల రాతిపడకల దగ్గర కూర్చుంటే కొండ అంచున ఒక డేగ గిరికీలు కొట్టింది. మేకలు తోలుకొస్తున్న పెద్దాయన "వల్లూరు" అన్నాడు. షాహీన్ ఫాల్కన్ అన్నమాట. ఇది కొమ్మల మీద గూడు అల్లదు. నిట్టనిలువు కొండచరియల్లో రాతి అరుగు చూసుకొని గుడ్లు పెడుతుంది.

ఆ పెద్దాయన ధ్యాస మాత్రం డేగ మీద లేదు. 2024 నవంబరులో కేంద్రం నాయక్కర్‌పట్టి బ్లాకు పేరిట, ఈ కొండలతో కలిపి సుమారు 5,000 ఎకరాలను టంగ్‌స్టన్ తవ్వకానికి వేలం వేసింది. డిసెంబరులో శాసనసభ వద్దని తీర్మానించింది. జనవరి 7న మేలూరు రైతులు మదురైకి ఊరేగింపుగా కదిలారు. బండ మీద పడిన వాన జారి చెరువుల్లోకి దిగుతుంది, ఆ నీళ్లతోనే వాళ్ల సేద్యం.

"కొండ తవ్వితే వల్లూరు ఏడకి పోతుంది నైనా?"

పెద్దాయనకు తెలుగు రాదు గాని ప్రశ్న అర్థమైంది. "మేము మాత్రం ఎక్కడికి పోతాం?" అన్నాడు తమిళంలో.

సరిగ్గా వారానికి, జనవరి 23న, కేంద్రం ఆ వేలాన్ని రద్దు చేసింది. పేపరు ముందుగా చదివింది అమ్మాయే.

వెళ్లదలచినవారు పొద్దున్నే బయలుదేరండి, తొమ్మిది దాటితే బండలు కాలతాయి. మంచినీళ్లు, వీలైతే దుర్భిణి తీసుకెళ్లండి. ఇంట్లో అవ్వో తాతో నడవగలిగితే వారిని తప్పక తీసుకెళ్లండి. పిట్టల పేర్లు వాళ్ల దగ్గరే ఎక్కువ.