శిస్తు, పేష్కషు, పట్టా

చరిత్ర పాఠములలో ఈ మూడు మాటలు తరచుగా వచ్చుచుండును. వీని అర్థములు కలగాపులగమైనచో చరిత్రయే తారుమారుగా కనిపించును.

రైతు తాను సాగుచేయు భూమికై చెల్లించునది శిస్తు. జమీందారు తన జమీకై ప్రభుత్వమునకు చెల్లించునది పేష్కషు. ఏ భూమి ఎవరి పేర నున్నదో, దానికి శిస్తెంతో తెలుపు పత్రము పట్టా.

1793లో కారన్‌వాలిస్ బెంగాలులో శాశ్వత శిస్తు విధానమును నెలకొల్పెను. 1802లో అది మద్రాసు రాజధానిలోని ఉత్తర సర్కారులకు వచ్చెను. 'శాశ్వత' అను మాటను చూచి రైతు భారము స్థిరపడినదని విద్యార్థి తలపవచ్చును. నిజమునకు స్థిరపడినది పేష్కషు మాత్రమే. ఒక జమీందారు పేష్కషు 100 రూపాయలనుకొందము. అతడు రైతులనుండి 150 రూపాయలు రాబట్టినచో 50 మిగులును. 200 రాబట్టినచో 100 మిగులును. ప్రభుత్వమునకు వచ్చునది ఆ 100 రూపాయలే. పెరిగిన భారము రైతుది, లాభము జమీందారుది.

థామస్ మన్రో ప్రోత్సహించిన రైత్వారీ పద్ధతిలో నడుమ జమీందారు లేడు. ప్రభుత్వమే రైతుకు పట్టా ఇచ్చి శిస్తు వసూలు చేసెను. అయితే ఆ శిస్తు శాశ్వతము కాదు. సాధారణముగా 30 ఏండ్లకొకసారి దానిని సవరించుచుండిరి. 1948 నాటి మద్రాసు చట్టము జమీందారీలను రద్దుచేసి, ఆ భూములను రైత్వారీ క్రిందికి తెచ్చెను.

కనుక ఏ పన్నును గూర్చి చదివినను మూడు ప్రశ్నలు వేసికొనవలెను: చెల్లించువా రెవరు? పుచ్చుకొనువా రెవరు? ఆ మొత్తమును మార్చు అధికార మెవరిది?