ఎండ కోసం కొండెక్కిన ద్రాక్ష

ద్రాక్షతోట అంటే హైదరాబాదు చుట్టుపక్కల పెరిగినవాళ్లకు పందిరే గుర్తొస్తుంది. తల వంచి లోపలికి వెళ్తే పైన ఆకుల కప్పు, కింద చల్లటి నీడ, చేతికందే ఎత్తులో అనాబ్-ఎ-షాహి గుత్తులు. ఫ్రాన్సులో లియోన్ నగరానికి దక్షిణాన, రోన్ నది ఒడ్డున ఆంపుయి అనే ఊరుంది. అక్కడి తోటను చూస్తే మాత్రం ఇదీ ద్రాక్షతోటేనా అనిపిస్తుంది. పందిరి లేదు, నీడ లేదు, కాలు నిలదొక్కుకోవడానికి సరైన చోటూ లేదు. నది పక్కనే నిటారుగా లేచిన కొండ, దాని ఒంటినిండా పాతిన కర్రలు, వాటికి కట్టిన తీగలు. ఆ కొండ పేరు కోట్-రోటీ. 'కాలిన వాలు' అని అర్థం. అక్కడ పండే నల్లద్రాక్ష సిరా. మనకు సిరా అంటే కలంలో పోసేది. పేరు కలవడం యాదృచ్ఛికమే అయినా, గ్లాసులో పోసిన ఆ వైన్ రంగు చూస్తే మన మాటే దానికి సరిపోయిందనిపిస్తుంది.

ఇంత కష్టపడి కొండెక్కడం ఎందుకు? ఒడ్డున చదును నేల ఉంది కదా? పోనీ, ఎండే కావాలంటే అదే నది వెంట ఇంకా దక్షిణానికి పోతే సరిపోదా?

మొదటి ప్రశ్నకు జవాబు సూర్యుడి దగ్గర ఉంది. సెప్టెంబరు మూడో వారంలో, అంటే ద్రాక్ష కోతల రోజుల్లో, మిట్టమధ్యాహ్నం హైదరాబాదులో సూర్యుడు దాదాపు నడినెత్తినే ఉంటాడు. ఆంపుయిలో మాత్రం ఆకాశంలో సగం ఎత్తుకు, 45 డిగ్రీల దాకానే ఎక్కుతాడు. ఎండ ఏటవాలుగా పడి నేలంతా పరుచుకుంటుంది. సూటిగా పడే ఎండ 100 పాళ్లనుకుంటే చదును నేలకు అందేది 70 పాళ్లు. అదే 30 డిగ్రీలు దక్షిణానికి వాలిన నేలకైతే 96 పాళ్లు అందుతుంది. సూర్యుడు కిందికి దిగాడు కాబట్టి నేలే ఆయనకు ఎదురు తిరిగిందన్నమాట. పైగా నది ఇక్కడ నైరుతికి మలుపు తీసుకోవడంతో ఈ కొండ ముఖం ఆగ్నేయానికి తిరిగింది. పొద్దున్నే ఎండ తగులుతుంది. రాత్రి చలిగాలి వాలు వెంట జారి లోయలోకి దిగిపోతుంది. పగలు కాగిన రాళ్లు పొద్దుగుంకాక కూడా వెచ్చగా ఉంటాయి.

నేల అనడమే గానీ అక్కడున్నది ఎక్కువగా రాయే. పలకలు పలకలుగా విడిపోయే, అభ్రకంతో మెరిసే రాయి. దాని పగుళ్లలోకి వేళ్లు దిగాలి. వాన నీరు నిలవదు, మన్ను సారం తక్కువ. అందుకే కాయ చిన్నది, కాపు కొద్దిది. కాయ చిన్నదైతే రసంతో పోలిస్తే తోలు పాలు పెరుగుతుంది. రంగు ఉండేది తోలులోనే, వగరు కూడా కొంత అక్కడి నుంచే.

ఇక సేద్యం. కొన్నిచోట్ల వాలు 60 శాతం దాటుతుంది. 10 అడుగులు ముందుకు వేస్తే 6 అడుగులు పైకెక్కినట్టు. ట్రాక్టరు ఎక్కదు. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలే ఆ మన్నును ఆపుతున్నాయి. గట్టి వాన పడితే మన్ను జారుతుంది, దాన్ని మళ్లీ పైకి మోయాలి. ఒక్క మొక్క దగ్గర ఆగి చూడండి. మోకాలెత్తు కూడా లేని, మెలి తిరిగిన మోడు. దాని పక్కన మనిషెత్తు కర్ర. పక్క మొక్క కర్రతో దీన్ని పైన కలిపి కడతారు, ఉత్తరపు ఈదురుగాలికి పడిపోకుండా ఒకదానికొకటి ఊతం. రెమ్మ సాగినకొద్దీ మనిషి వచ్చి వంగి కట్టాలి. కత్తిరింపు, కలుపు, కోత అన్నీ ఇలాగే. ఇంతా చేస్తే, అక్కడి నిబంధన ప్రకారం హెక్టారుకు తీయగలిగేది సుమారు 40 హెక్టోలీటర్లే. మన లెక్కలో ఎకరాకు 1,600 లీటర్లు, అంటే రెండు వేల పైచిలుకు సీసాలు. ధర ఎందుకంత అని అడిగేవారికి నేను ముందుగా చూపించేది ఈ లెక్కే.

ఈ చాకిరీకి ఫలితం దక్కని రోజులూ గడిచాయి. తీగల వేళ్లు తినే ఫిలాక్సెరా పురుగు, ఆపైన మొదటి ప్రపంచయుద్ధం ఊరిని దెబ్బతీశాయి. గోడలు కూలాయి, వాలు బీడుపడింది. 1970ల మొదట్లో సాగులో మిగిలింది 70 హెక్టార్లు. పట్టు వదలని కొన్ని కుటుంబాల వల్లే ఇది నిలిచింది. గిగాల్ కుటుంబం 1966లో లా ములీన్ అనే ఒక్క తోట పండుతో విడిగా సీసా తెచ్చింది. పేరొచ్చాక ధర వచ్చింది, ధర వచ్చాక గోడలు మళ్లీ లేచాయి. ఇప్పుడు సాగు 300 హెక్టార్లు దాటింది.

రెండో ప్రశ్న మిగిలింది. వంటింట్లోకి వెళ్లి నాలుగు మిరియాలు దంచి వాసన చూడండి. ఆ ఘుమఘుమలో రోటండోన్ అనే పదార్థం ఉంది. సిరా వైన్‌లో మిరియాల వాసనకూ అదే కారణమని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2008లో తేల్చారు. లీటరుకు 16 నానోగ్రాములు చాలు, ముక్కు పట్టేస్తుంది. పాతిక లక్షల లీటర్ల ఈతకొలనులో ఒక్క మిరియపు గింజ బరువంత అన్నమాట. చల్లటి చోట పండిన సిరాలో ఇది ఎక్కువ, వేడి పెరిగేకొద్దీ తగ్గుతుంది. అంటే ఎండ కావాలి గానీ ఉడికించే వేడి కూడదు. దక్షిణానికి పోతే పండు సులువుగా పండుతుంది, మిరియపు ఘాటు మాత్రం సన్నగిల్లుతుంది. చలిదేశంలోనే ఉంటూ ఎండను పట్టుకోవాలంటే కొండెక్కడం తప్ప దారి లేదు.

ఎప్పుడైనా ఆ వైన్ రుచి చూసి, మిరియాల జాడ తెలియలేదే అని మీకనిపిస్తే సీసాను అనుమానించకండి. ఆ పరిశోధనలోనే, ఎంత కలిపినా రోటండోన్ వాసన పట్టలేనివాళ్లు ఐదుగురిలో ఒకరు తేలారు.