తప్పిన పథ్యమును మరల పట్టుట

పథ్యమను మాటకు మన పెద్దలెరిగిన అర్థము వేరు. జ్వరము తగ్గినవానికి పాత బియ్యపు అన్నము, బీరకాయ కూర పెట్టుటయు, బాలింతకు కొన్నాళ్ళు కారము మాన్పించుటయు పథ్యమనిపించుకొనెడివి. ఆ పథ్యమునకు ఒక గడువుండెడిది. నేడు వేలూరులోను, గుడియాత్తములోను మన తెలుగు ఇండ్లలో వినవచ్చు పథ్యము దీనికి తలక్రిందులుగా నున్నది. ఇందు తగ్గించవలసినది అన్నమే. దీనికి గడువు లేదు. గడువు లేనిది గనుకనే ఇది తరచు తప్పుచుండును.

సంక్రాంతికి చక్కెర పొంగలి, ఉగాదికి బొబ్బట్లు, మే నెలలో గుడియాత్తము గంగమ్మ శిరస్సు ఉత్సవమునకు వచ్చిన చుట్టములతో పంక్తి భోజనములు. వీనిలో ఏదో ఒకచోట పథ్యము జారును. పథ్యమును ఎట్లు మొదలిడవలెనో చెప్పువారు వీధికి పదిమంది కలరు. తప్పిన మరునాడు ఏమి చేయవలెనో చెప్పువారు అరుదు. కావున ఆ మరునాటిని గూర్చియే ఇచట వ్రాయుచున్నాము.

ఈ పథ్యము మన ఇండ్లలోనికి ఏల వచ్చెనో ముందు తెలియవలెను. భారత వైద్య పరిశోధన మండలి పక్షమున దేశమంతట జరిగిన పరిశీలన ఫలితములు 2023లో వెలువడినవి. దాని లెక్క ప్రకారము మన దేశమున మధుమేహము గలవారు సుమారు 10 కోట్ల 10 లక్షలు. ఆ వ్యాధి గడపలో నిలిచియున్నవారు మరి 13 కోట్ల 60 లక్షలు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు 1991–94లోను, మరల 2010–12లోను ఈ ప్రాంతమున జరిపిన పరిశీలనలందు పట్టణముననే గాక చుట్టుపట్ల పల్లెలలోను మధుమేహము బాగుగ పెరిగినట్లు తేలినది. పొలము పని చేసినవాని పళ్ళెములోని అన్నమును కుర్చీలో కూర్చున్నవాడును తినుచున్నాడు. కారణములు పెక్కులున్నను ఇది పెద్ద కారణము.

పిండిపదార్థములను తగ్గించు పద్ధతి క్రొత్తది కాదు. లండను నగరమున అంత్యక్రియల ఏర్పాట్లు చూచు వ్యాపారి విలియం బాంటింగ్ వైద్యుని సలహాపై రొట్టె, చక్కెర, బంగాళాదుంపలు మాని, బరువు తగ్గి, ఆ సంగతిని 1863లో చిన్న పుస్తకముగా ప్రకటించెను. (1921లో ఇన్సులిన్‌ను కనుగొన్న బాంటింగ్ వేరొకరు.) తెలుగునాట 2017, 2018 ప్రాంతములందు వీరమాచనేని రామకృష్ణగారు ప్రచారము చేసిన పద్ధతి ఇంటింట మారుమ్రోగినది, దానిపై వైద్యులలో వాదప్రతివాదములును జరిగినవి. బాంటింగ్ మాంసాహారి. శాకాహారికి ఇది మరింత కష్టమైన పని. మాంసకృత్తులకై మనము ఆశ్రయించు పప్పుధాన్యములందును పిండిపదార్థము తక్కువ లేదు గదా!

మన పళ్ళెమును కొంచెము లెక్కించి చూతము. వంద గ్రాముల ముడి బియ్యములో సుమారు 78 గ్రాములు పిండిపదార్థమే. వండిన అన్నము నీరు పీల్చుకొనును గనుక వంద గ్రాములకు 28 గ్రాముల చొప్పున వచ్చును. దినమునకు 130 గ్రాములకు లోబడిన పిండిపదార్థమును తక్కువ పిండి ఆహారమనియు, 50 గ్రాములకు లోబడినదానిని మిక్కిలి తక్కువ దానిననియు వ్యవహరించుచున్నారు. ఒక పూట రెండు మారులు వడ్డించుకొన్న అన్నముతోనే మొదటి హద్దులో సగము దాటిపోవును.

ఇచట మనవారిలో పాతుకొన్న ఒక భ్రమను తొలగింపవలెను. అన్నము మాని రాగిసంగటి తినుచున్నాము గనుక పథ్యము నడచుచున్నదని పలువురు తలంచెదరు. రాగులు మంచివే. వందకు 364 మిల్లీగ్రాముల సున్నము, బియ్యమునకు దాదాపు నాలుగింతల పీచు వానిలో కలవు. అయినను పిండిపదార్థము వందకు 67 గ్రాముల వరకు ఉన్నది. పెద్ద సంగటి ముద్ద పిండి తక్కువ ఆహారము కానేరదు. ఇట్టి విలువలను కట్టి పుస్తకముగా ప్రకటించునది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. ఆ సంస్థ 1918లో నీలగిరులలోని కూనూరున రాబర్ట్ మెక్‌కారిసన్ చేతులమీదుగా చిన్న పరిశోధనాలయముగా పుట్టి 1958లో హైదరాబాదు చేరినది. తమిళదేశమున పుట్టి తెలుగుదేశమున స్థిరపడినదన్నమాట. మన కథకు ఎదురు కథ.

ఇక పథ్యము తప్పినపుడు దేహములో జరుగునదేమి? మనము తిన్న పిండిపదార్థములో కొంత గ్లైకోజెన్ అను రూపమున కాలేయమునందును కండరములందును నిలువయుండును. కాలేయములో సుమారు వంద గ్రాములు, కండరములలో నాలుగు వందల గ్రాముల వరకు ఇమిడియుండును. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టియుంచును. పథ్యము పట్టిన మొదటి వారములో ఈ నిలువ తరుగును, నీరు పోవును, బరువు వేగముగ దిగును. పండుగనాడు అన్నము, బొబ్బట్లు తినగానే నిలువ నిండును, నీరు తిరిగివచ్చును. మూడు దినములు గడచి త్రాసు ఎక్కినవాడు రెండు కిలోలు పెరిగితినని గుండె బాదుకొనును.

విద్యార్థులు ఈ లెక్కను ఇంట్లో వేసి చూపవలెను. దేహములో ఒక కిలో కొవ్వు చేరుటకు సుమారు 7,700 కిలోకేలరీల శక్తి అదనముగా కావలెను. రెండు కిలోలకు 15,400. వంద గ్రాముల బియ్యము 350 కిలోకేలరీలనిచ్చును. అనగా రెండు కిలోల కొవ్వు పెరుగవలెనన్న, మామూలు భోజనమునకు పైగా నాలుగు కిలోల నాలుగు వందల గ్రాముల బియ్యమును ఆ మూడు దినములలో వండుకొని తినవలెను. ఎంతటి భోజనప్రియుడైనను అంత తినజాలడు. కావున త్రాసు చూపిన పెరుగుదలలో అధికభాగము నీరే. పథ్యము మరల పట్టిన కొలది దినములకే అది పోవును. పండుగ మరునాడు త్రాసు జోలికి పోక, వారము దినములు గడచిన పిమ్మట చూచుకొనుట మేలని మా అభిప్రాయము.

దేహమునకు జరిగిన నష్టము ఇంతే గాని మనస్సునకు జరుగు నష్టము పెద్దది. 1975లో హెర్మన్, మాక్ అను ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక చిత్రమైన పరీక్ష జరిపిరి. తిండిని అదుపులో నుంచుకొను అలవాటు గలవారికిని, అట్టి అలవాటు లేనివారికిని ముందుగా పాలతో చేసిన తియ్యని పానీయమునిచ్చి, పిమ్మట ఐస్‌క్రీమును రుచి చూడుమనిరి. అదుపు లేనివారు పానీయముతో కడుపు నిండినందున ఐస్‌క్రీమును తక్కువ తినిరి. అదుపు గలవారిలో పానీయము త్రాగనివారికంటె త్రాగినవారు ఎక్కువ తినిరి! నియమము ఎట్లును చెడినది గదా, ఇక చెడుటకేమున్నది అను భావమే దీనికి హేతువని శాస్త్రజ్ఞులు వివరించిరి. మన ఇండ్లలో దీనికి వేరు మాటలున్నవి. "ఈ పూట ఎటూ అయిపోయింది, రేపటినుంచి చూద్దాం" అందురు. ఆ రేపు సోమవారమగును, సోమవారము అమావాస్య వెళ్ళిన పిమ్మట అగును, అటుపై ఆడి మాసము పోవలెను. రెండు బొబ్బట్లు చేసిన కీడు స్వల్పము. వాని వెంట వచ్చిన మూడు నెలలు చేసిన కీడు ఘనము.

లండను విశ్వవిద్యాలయ కళాశాలలో లాలీ అను శాస్త్రజ్ఞురాలును ఆమె సహచరులును 96 మందిని పరిశీలించి 2010లో ప్రకటించిన విషయము దీనికి మందు వంటిది. క్రొత్త అలవాటు స్థిరపడుటకు మనిషినిబట్టి 18 మొదలు 254 దినముల వరకు పట్టెను. నడిమి లెక్క 66 దినములు. నడుమ ఒకనాడు అలవాటు తప్పినను, స్థిరపడు క్రమమునకు చెప్పుకోదగిన భంగము కలుగలేదు. కావున పథ్యము మరల మొదలుకావలసినది సోమవారమున కాదు, రాబోవు పూటనే.

అట్లని ప్రాయశ్చిత్తముగా ఒకటిరెండు దినములు కడుపు మాడ్చుకొనుట తగదు. మాడిన కడుపు మూడవనాడు అన్నపు గిన్నెను మొత్తముగా అడుగును. మొదటిసారి పట్టిన కఠిన నియమమునే మరల పట్టవలెనన్న పంతమును వలదు. చెన్నైలోని మద్రాసు మధుమేహ పరిశోధన సంస్థవారును భారత వైద్య పరిశోధన మండలివారును 18,090 మంది ఆహారమును పరిశీలించి 2022లో ఒక లెక్క ప్రకటించిరి. మధుమేహము గలవారికి అది శాంతించుటకు పిండిపదార్థముల నుండి లభించు శక్తి నూటికి 49 నుండి 54 పాళ్ళకు దిగి, మాంసకృత్తుల భాగము 19, 20 పాళ్ళకు పెరిగిన మేలని వారి అంచనా. మన దేశపు భోజనములో పిండిపదార్థముల భాగము ఇపుడు 62 పాళ్ళని 2025లో వెలువడిన పరిశీలన చెప్పుచున్నది. అరువది రెండునుండి ఏబదికి దిగుట కొండనెక్కుట వంటిది కాదు. అన్నమును బొత్తిగా మాని రెండు నెలలలో విరమించుటకంటె, రెండు గరిటెలను ఒక గరిటె చేసికొని రెండేండ్లు నడపుట ఘనమైన పని.

అయితే తీసివేసిన గరిటె స్థానమున ఏదో ఒకటి చేరవలెను. శాకాహారులు పథ్యము తప్పుటకు మూలము తరచు ఇచటనే కలదు. అన్నము తగ్గించి, అదే పలుచని చారు, అదే చెంచాడు కూర తినిన ఆకలి ఆగదు. అరువది కిలోల బరువు గలవానికి దినమునకు ఏబది గ్రాముల మాంసకృత్తులు కావలెను. వందకు సోయా చిక్కుళ్ళలో 36 గ్రాములకు పైగా, వేరుసెనగలలో 24, పన్నీరులో 18 గ్రాముల వంతున లభించును. పెసలు, సెనగలు, ఉలవలు మొదలగువానిలో 20కి పైగా ఉన్నను పిండిపదార్థమును వెంటనుండును గనుక వానిని అన్నముతో కలిపి గాక, అన్నమునకు బదులుగా తినవలెను. బియ్యము కలుపని పెసరట్టు, పోపు వేసిన మొలకలు, చిక్కని పెరుగు, గుప్పెడు వేరుసెనగలు మన ఇండ్లలో లేనివి కావు.

కూరలను గూర్చి మన ప్రాంతమువారు చింతింపవలసిన పని లేదు. ఇలవంబాడి పరిసరములలో పండు వేలూరు ముళ్ళవంకాయకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. వంకాయలో పిండిపదార్థము అత్యల్పము. నూనెలో మగ్గి, వేరుసెనగపొడి తగిలిన గుత్తివంకాయను పళ్ళెమున సగమునిండ వడ్డించుకొని, అన్నమును దానికి నంజుడుగా చేసికొనవచ్చును. నంజుడు భోజనమగుట, భోజనము నంజుడగుట, ఈ పథ్యమంతయు ఇంతే. పొట్ల, బీర, సొర, బెండ, ఆకుకూరలు అన్నియు ఈ కోవలోనివే. మొదటి దినములలో తలనొప్పి, నిస్సత్తువ తోచవచ్చును. గ్లైకోజెన్‌తోపాటు నీరును ఉప్పును పోవుటయే కారణము. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ చాలును. రక్తపుపోటు, గుండె, మూత్రపిండముల వ్యాధులు గలవారు మాత్రము వైద్యుని అడుగక ఉప్పు పెంచరాదు.

ఇపుడు చెప్పబోవునది అన్నిటికంటె ముఖ్యము. పథ్యము తప్పిన నెలలలో రక్తములో చక్కెర పెరుగును. వైద్యుడు మందు పెంచును. ఒకనాడు రోగి పౌరుషము తెచ్చుకొని, ఎవరికిని చెప్పక, ఒక్కసారిగా అన్నము మానును. అన్నము తగ్గినది, పెంచిన మందు పెంచినట్లే యున్నది. ఇన్సులిన్ తీసికొనువారికిని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వాడువారికిని ఇది ప్రమాదము. చక్కెర హద్దు మీరి పడిపోవచ్చును. చెమట, వణకు, తీరని ఆకలి, మాట తడబడుట, తెలివి తప్పుట దాని గురుతులు. స్పృహయున్నచో వెంటనే మూడు చెంచాల చక్కెరను నీళ్ళలో కలిపి త్రాగించి, పదిహేను నిమిషములకు తగ్గకున్న మరల ఇయ్యవలెను. స్పృహ లేనివారి నోట ఏమియు పోయక ఆసుపత్రికి చేర్చవలెను. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అను మాత్రలు వాడువారు పిండిపదార్థమును మిక్కిలి తగ్గించిన రక్తము ఆమ్లమయమగు వేరొక అపాయము కలదు. అపుడు పరీక్షలో చక్కెర ఎక్కువగా కనబడకపోవచ్చును. కావున పథ్యము మరల పట్టుటకు ముందే వైద్యునితో చెప్పి మందును సరిచేయించుకొనవలెను. మందును తమంత తాము మానుటయు తగదు.

ఎదుగుచున్న బాలబాలికలకును, గర్భిణులకును ఈ పథ్యము వర్తింపదు. విద్యార్థులారా, మీ నాయనమ్మ పళ్ళెమును చూచి మీరు అన్నము మానవలదు. మీ వంతు పని వేరొకటి యున్నది.

మన ప్రాంతమున ఆహారపు చీటీలు సాధారణముగ తమిళములోనో ఇంగ్లీషులోనో యుండును. ఇంట్లోని పెద్దలలో పలువురు తెలుగు తప్ప చదువలేరు. మీరు తెలుగు మాధ్యమమున చదువుచు తమిళమును కూడ నేర్చుచున్నారు. ఆ చీటీని చదివి వినిపింపగలవారు మీరే. చదువునపుడు కొన్ని మెలకువలు కావలెను. పేరు చివర 'కీరై' అని యున్నది ఆకుకూర, ధారాళముగ తినవచ్చును. 'కిళంగు' అని యున్నది దుంప, ఉరుళైక్కిళంగు మన ఉర్లగడ్డ, మరవళ్ళిక్కిళంగు కర్రపెండలము, ఇవి తగ్గింపవలసినవి. 'కాయ్' అని యున్నవి చాలవరకు మేలైనవి గాని వాళైక్కాయ్, అనగా అరటికాయ, పిండిమయము.

ధాన్యముల పేళ్ళలో చిక్కు ఎక్కువ. తినై కొర్రలు, కంబు సజ్జలు, కుదిరైవాలి ఊదలు. కేళ్‌వరగు అనగా రాగులు. ఒట్టి 'వరగు' అనిన అరికెలు. మనము వరిగలనునవి తమిళములో పనివరగు. చీటీలో 'వరగు' అని చూచి అంగడికి పోయి వరిగలు తెచ్చువారున్నారు; ఆ మాటను వరిగా విని బియ్యమే తినవచ్చుననుకొన్న అవ్వలును ఉన్నారు. గుడియాత్తము బజారులో అంగడివారు పలువురు రెండు భాషలును ఎరుగుదురు. కొనుటకు ముందు రెండు పేళ్ళును చెప్పి, గింజను చూచి, సంచిలో పోయించుకొని రండు.