మొరం తొవ్వకు ట్రెయిల్ షూ పనికొస్తదా?

జహీరాబాద్ చుట్టుపక్కల ఉరికేటోళ్లకు రెండు తీర్ల నేల ఉన్నది. కోహీర్, మొగుడంపల్లి దిక్కు పోతే ఎర్ర నేల, మొరం. ఝరాసంగం, న్యాల్‌కల్ దిక్కు పోతే నల్ల రేగడి. ఈ రెండు కాక నడుమ తారు రోడ్డు, నేషనల్ హైవే 65. పోలీసు కొలువు కోసం, ఆర్మీ కోసం పొద్దుగాల నాలుగున్నరకే లేచి ప్రాక్టీసు చేసే పిల్లల్ల మస్తు మంది ఉరికేది ఈ తారు రోడ్డు మీదనే. సాపుగ ఉంటది, ముల్లు గుచ్చదు, కిలోమీటరు రాళ్లు ఉంటయి గనుక లెక్క సులువు. గని చీకట్ల లారీలు, చెరుకు ట్రాక్టర్లు పక్కపొంటి పోతుంటే వెనుకకు మర్లి చూసుకుంట ఉరుకుడు పానం మీదికి తెచ్చుకునుడే.

పొలాల నడుమ బండ్ల బాటలు మనకు ఎన్ని లేవు? అటు దిగకపోవుడుకు కారణం సోమరితనం కాదు, కాలికున్న షూ. అంగట్ల 500, 600 పెట్టి కొన్న సాపు అడుగు షూతోని మొరం మీద ఉరికితే గోళీల మీద ఉరికినట్టే ఉంటది. జారుడు, శీలమండ మడతవడుడు, వారం దినాలు ఇంట్ల కూసునుడు. ట్రెయిల్ షూ అనేది గిసుమంటి తొవ్వల కోసమే చేసింది. ట్రెయిల్ అంటే కాలిబాట, అంతకు మించి ఏం లేదు. నేను ఒక జత 4,200 పెట్టి కొని మూడు వారాల సంది మొరం మీద, రేగడి మీద, తారు మీద ఉరికి చూస్తున్న. ధర చెప్తే మా అమ్మ "అండ్ల ఏమన్న ఇంజన్ పెట్టిండ్రా బిడ్డా" అన్నది. కంపెనీ పేరు మాత్రం రాస్తలేను, ఇది ప్రచారం కాదు.

దీని అడుగు తిప్పి చూస్తేనే సగం సంగతి సమజైతది. ట్రాక్టర్ ఎనుక టైరును యాది చేసుకోండ్రి. మహీంద్రా ట్రాక్టర్లు తయారయ్యే ఊరోళ్లం, మనకు ఇది వేరే చెప్పే పని లేదు. కారు టైరుకు సన్న గీతలు ఉంటయి, దున్నిన చెల్కల దిగితే తిరుగుతనే ఉంటది గని ముందటికి పోదు. ట్రాక్టర్ టైరుకు లావు గట్లు ఉంటయి. అవి మన్నుల దిగి పట్టుకుంటయి. గట్టుకు గట్టుకు నడుమ జాగ ఎక్కువ ఉంటది గనుక చక్రం తిరిగినప్పుడు మన్ను ఊడి పడ్తది. షూ కింద ఉండే గిసుమంటి గట్లనే లగ్స్ అంటరు. స్కూల్ స్కేలు పెట్టి కొలిస్తే నా షూకు నాలుగు మిల్లీమీటర్లు వచ్చింది. మన మొరానికి అది చాలు. ఐదారు మిల్లీమీటర్లవి మెత్తటి బురద కొండల కోసం. ఇంకోటి గమనించిన: వేళ్ల దిక్కు లగ్స్ ఒక తీరు మర్లి ఉంటయి, మడమ దిక్కు ఉల్టా ఉంటయి. ముందటియి తన్నుకొని లేవనీకి, ఎనుకటియి దిగుడుల బ్రేకు పడనీకి.

ఈ రబ్బరు గట్ల కథ సావుల కాడ మొదలైంది. 1935ల ఇటలీ దిక్కు ఆల్ప్స్ కొండల్ల ఆరుగురు కొండలెక్కేటోళ్లు వాతావరణం ఖరాబై అక్కడనే పానం ఇడిసిండ్రు. వాళ్ల కాలికున్న బూట్లు ఆ చలికి, ఆ రాతికి ఆగేటియి కాదు. వాళ్ల దోస్తు విటాలే బ్రమానీ ఆ బాధతోని పని మొదలుపెట్టి, పిరెల్లి టైర్ల కంపెనీ ఆసరాతోని 1937ల గట్లున్న రబ్బరు అడుగు తీసుకొచ్చిండు. ఆయన పేరు, ఇంటిపేరు మొదటి అక్షరాలు కలిపితేనే విబ్రమ్. ఇప్పటికీ మంచి షూల కింద పసుపుపచ్చ ముద్రల కనవడేది ఆ పేరే.

మొరం మీద తేడా మొదటి కిలోమీటరుకే తెల్సింది. మూల మలుపుల కాడ కాలు పక్కకు గుంజకపోలేదు. కంకర రాయి మీద అడుగు పడితే అరికాలుకు తెలుస్తది గని నొయ్యదు. దానికి కారణం వేళ్ల కింది భాగంల పెట్టిన పలుచటి గట్టి పలక, రాక్ ప్లేట్ అంటరు. సర్కారు తుమ్మ ముళ్లను గూడ ఈ పలక ఆపింది. మడమ కింద మాత్రం పలక లేదు, ఉత్త ఫోమే. రెండో వారం ఒక లావు ముల్లు మడమ దిక్కు సగం దాంక దిగింది, కాలికి తాకేటందుకు జెర్రంతనే తక్కువ. కంచెలు కొట్టి పారేసిన బాటల ఈ షూ ఉన్నది గదా అని కండ్లు మూసుకొని ఉరుకుడు కుదరదు. అన్ని షూలకు రాక్ ప్లేట్ ఉండది, కొనేముందు అడుగుండ్రి. అమ్మేటాయనకు తెల్వకపోతే వేళ్ల కాడ బొటనవేలితోని కిందికెల్లి ఒత్తి చూస్తే పలక ఉన్నదా లేదా తెలుస్తది.

రేగడి సంగతి వేరే. ఎండిన రేగడి మీద ఏ షూ అయినా ఒక్కటే, పగుళ్లల్ల కాలు ఇరుక్కోకుంట చూసుకుంటే చాలు. వాన పడ్డంక ఆ బంకమట్టి నీళ్లు తాగి ఉబ్బుతది, దేన్ని ముట్టుకుంటే దానికి అంటుకుంటది. వంద అడుగులు వేసేసరికి లగ్స్ నడుమ జాగంత నిండిపోయి, షూ కింద ఇంకో షూ తయారైంది. కిరాణా కొట్టు తరాజు మీద పెడితే ఉత్తగ ఒక్క షూ 310 గ్రాములు తూగింది. ఆ మన్నుతోని ఎంత తూగేదో, కొట్టాయన నన్ను లోపలికి రానిస్తే గద తెలిసేది. లగ్స్ ఎంత లోతున్నా పచ్చి రేగడి ముందట ఏం పని చెయ్యది. వాన పడ్డంక రెండు మూడు దినాలు ఎర్ర నేలకు మర్లుడే మంచిది. మొరంల నీళ్లు తొందరగ ఇంకిపోతయి.

వాటర్‌ప్రూఫ్ రకం అని ఎక్కువ పైసలు అడుగుతరు. అది చలి దేశాలకు. మన దగ్గర పై అంచుకెల్లి నీళ్లు ఒక్కసారి లోపలికి పోయినయంటే బయటికి రావు, ఎండకాలం కాలు ఉడికిపోతది. జాలీ బట్ట షూ చాలు. ఎర్ర దుమ్ము లోపలికి వస్తది, సాక్సులు ఎర్రగైతయి, ఉతుక్కుందాం. షూను మాత్రం మిట్టమధ్యాహ్నం ఎండల పెట్టకుండ్రి, జిగురు ఇడిసి అడుగు ఊడుతది. పేపరు ఉండలు కుక్కి నీడకు ఆరవెట్టాలె.

ఇగ అసలు ప్రశ్న. ఈ షూ వేసుకుంటే టైమింగ్ తగ్గుతదా? 2022 నోటిఫికేషన్ల పోలీసు ఈవెంట్లకు మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకండ్లల్ల, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకండ్లల్ల పెట్టిండ్రు. 1600 మీటర్లను కిలోమీటరు లెక్కన చూస్తే దగ్గర దగ్గర నాలుగున్నర నిమిషాలు. ఎస్‌ఎస్‌సీ జీడీల మగపిల్లలకు 5 కిలోమీటర్లు 24 నిమిషాలు, అంటే కిలోమీటరుకు 4 నిమిషాల 48 సెకండ్లు. నేను ఒకే బాట మీద పాత షూతోని, కొత్త షూతోని 1600 మీటర్లు ఉరికి చూసిన. పాతదాంతోని 7 నిమిషాల 2 సెకండ్లు, కొత్తదాంతోని 7 నిమిషాల 4 సెకండ్లు. అంటే స్పీడ్ రాలేదు. రానే రాదు, ఇది బరువున్న షూ. గ్రౌండ్ల ఈవెంట్ రోజు తేలికటి రోడ్డు షూనే మేలు, అది గూడ నెల ముందుగాల్నే అలవాటైందై ఉండాలె. ట్రెయిల్ షూ పని ప్రాక్టీసు దినాలది. మూడు వారాలల్ల ఒక్క దినం గూడ కాలు నొప్పని నాగా పెట్టలేదు, ఒక్క దినం గూడ హైవే ఎక్కలేదు. నాకు 4,200 అక్కడ వసూలైనయి. మీ ఊర్ల మంచి గ్రౌండ్ ఉన్నదంటే, లేకపోతే ఉరికేది ఉత్త తారు మీదనే అంటే ఆ పైసలు పెట్టకుండ్రి. తారు మీద లగ్స్ తొందరగ అరుగుతయి, టకటక సప్పుడు గూడ వస్తది.

కొత్త జత తెచ్చినంక మరునాడే పది కిలోమీటర్లు కొట్టుడు వద్దు. మడమ ఎత్తుకు, వేళ్ల దిక్కు ఎత్తుకు ఉండే తేడాను డ్రాప్ అంటరు. డబ్బా మీద గని, కంపెనీ వెబ్‌సైట్ల గని రాసి ఉంటది. ట్రెయిల్ షూలల్ల చాలా వాటికి డ్రాప్ తక్కువ, పిక్క మీద, మడమ ఎనుక నరం మీద బరువు ఎక్కువ పడ్తది. మొదటి వారం రెండు మూడు కిలోమీటర్లు, అది గూడ దినం తప్పి దినం. మోకాలు కింద ముందటి ఎముక పొంటి నొప్పి వస్తే ఉరుకుడు తగ్గించాలె. ఎముక మీద ఒక్క చోట ఏలు పెట్టి ఒత్తితే సుర్రుమన్నదంటే అది పగులు అయ్యే అవకాశం ఉన్నది, జండూబామ్ రాసుకుంట ఉరుకకుండ ఎముకల డాక్టర్‌కు చూపెట్టాలె. ఆ నొప్పి దాచిపెట్టి ఈవెంట్ దాంక లాక్కపోయేటోళ్లు ప్రతి ఊర్ల ఉంటరు. షూ ఎంత మంచిదైనా ఆ పగులును అతికించది.

పెద్ద కంపెనీ బొమ్మ వేసి 900కు అమ్మే నకళ్లు గూడ బజార్ల ఉన్నయి, వాటికీ కింద గట్లు ఉంటయి. చేతిల పట్టుకొని వంచండ్రి. వేళ్లు మడిచే కాడ వంగాలె. నడిమిట్ల పుస్తకం లెక్క మడతవడితే పెట్టేయండ్రి. లగ్ మీద గోరు ఒత్తితే జెర్రంత దిగాలె, ప్లాస్టిక్ లెక్క గట్టిగుంటే అది తడి బండ మీద పట్టదు.

ఆడపిల్లలకు ఇంకో కష్టం ఉన్నది. మన దిక్కు దుకాణాలల్ల వాళ్ల సైజు స్పోర్ట్స్ షూ దొరుకుడే తక్కువ, తమ్మునిదో అన్నదో వేసుకొని లోపల రెండు సాక్సులు తొడుక్కుంటరు. మడమ లోపల ఆడుతది, బొబ్బలు వస్తయి. ఆన్‌లైన్ల తెప్పించుకునుడే దారి అయితే సైజు నంబరును నమ్మకుండ్రి, కంపెనీకి కంపెనీకి మారుతది. పొద్దుమీకి, కాలు జెర్ర ఉబ్బి ఉన్నప్పుడు, గోడకు మడమ ఆనించి కాయితం మీద నిలవడి, అన్నిటికంటే పొడుగున్న వేలు కాడ గీత గీసి సెంటీమీటర్లల్ల కొలవాలె. రెండు కాళ్లు కొలిచి పెద్దది లెక్కల పెట్టుకోవాలె. కంపెనీ పట్టికల ఆ కొలత ఏ సైజుకు వస్తదో చూసి తెప్పించాలె. షూ వచ్చినంక ముందట బొటనవేలంత జాగ ఉండాలె, మడమ లేవొద్దు. లేస్తే పైన మిగిలిన ఆఖరి రంధ్రంల లేసును అదే పక్కకు లోపలికి తోసి చిన్న ఉంగరం తీరు చేసి, అవతలి లేసును అండ్లకెల్లి గుంజి కట్టుండ్రి, మడమ పట్టుకుంటది. అప్పటికీ ఆడితే ఆ జతను వాపస్ పంపాలె. వాపస్ తీసుకుంటరా లేదా అన్నది పైసలు కట్టేముందే చూసుకోండ్రి, ఇంట్ల బండల మీద తప్ప బయట వేసుకొని తిరగకుండ్రి. ఒక్కసారి ఎర్ర మన్ను అంటిందంటే ఎవ్వలూ వాపస్ తీసుకోరు.