చెరువు పాచిలో డీజిలు

పోయిన ఉగాది విందులో, పులిహోర పళ్లెం చేతబట్టుకొని ఒక ఇంజనీరు మిత్రులు నా పక్కన చేరారు. "ఏం డాక్టరుగారూ, ఈ నాచు నూనె సంగతి ఎప్పటికైనా తేలేదేనా?" అన్నారు. పిల్లల కాలేజీ చదువుకని దాచినదాంట్లో కొంత తీసి, నాచునుంచి ఇంధనం తీస్తామన్న ఒక కంపెనీ వాటాలు కొన్నారట. కంపెనీ పేరు మనకనవసరం. వాటాలు చిత్తుకాగితాలైనాయి. "సైన్సు తప్పా, లెక్క తప్పా, నా బుద్ధి తప్పా?" అని అడిగారు. అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. తర్వాత కూర్చుని చదివితే తేలిన సంగతులివి.

చెరువుల్లో, బావి మెట్ల మీద పట్టే ఆకుపచ్చ పాచి ఎరగనివాళ్లు మనలో లేరు. ఆ కోవలో కంటికి కనపడని ఒంటికణపు నాచులు వేలకొలది ఉన్నాయి. ఎండ, నీరు, బొగ్గుపులుసు వాయువు, కొంచెం నత్రజని, భాస్వరం ఉంటే పెరుగుతాయి. కొన్ని జాతులు ఒంట్లో నూనె దాచుకుంటాయి. ఆ నూనె ఏమిటనుకున్నారు? మీ రక్తపరీక్షలో ఎక్కువైందని మీ డాక్టరు కోప్పడే ట్రైగ్లిసరైడులే! దానికి మిథనాల్, కాస్త క్షారం కలిపి వేడిచేస్తే గ్లిసరిన్ విడిపోయి, డీజిలు ఇంజనులో పోయదగిన ద్రవం మిగులుతుంది. ఆమాటకొస్తే భూమిలోంచి తోడే ముడినూనె కూడా చాలావరకు కోట్ల ఏళ్లకిందట సముద్రం అడుగున పూడిపోయిన నాచులాంటి సూక్ష్మజీవులు ఉడికి తయారైనదే.

1978లో, కార్టర్ అధ్యక్షుడుగా ఉండగా, అమెరికా ఇంధనశాఖ ఈ పని చేపట్టింది. కొలరాడోలోని గోల్డెన్ దీనికి కేంద్రం. 1996 దాకా సుమారు 2.5 కోట్ల డాలర్లు ఖర్చయింది. 3,000కు పైగా నాచు రకాలు ఏరి తెచ్చి, వడగట్టి 300 దాకా మిగిల్చారు. న్యూ మెక్సికోలో రాస్‌వెల్ దగ్గర వెయ్యేసి చదరపు మీటర్ల మడుగులు రెండు కట్టారు. పరుగుపందెపు బాటలా చుట్టుతిరిగే కాలువలు. తెడ్ల చక్రం ఒకటి నీటిని మెల్లగా తిప్పుతూ ఉంటుంది. మంచిరోజున చదరపు మీటరుకు 50 గ్రాముల నాచు వచ్చింది. సగటున మాత్రం 10 గ్రాములే, రాత్రి చలికి నాచు ముడుచుకుపోయేది. అయినా 10 గ్రాములు తక్కువేమీ కాదు. అందులో ఐదోవంతు నూనె అనుకుంటే హెక్టారుకు ఏడాదికి 7 టన్నులు. మన అనంతపురం వేరుశనగ చేను ఒక టన్ను నూనె ఇవ్వడమే గొప్ప. మంచి నేల అక్కర్లేదు, మంచినీరూ అక్కర్లేదు. మరి ఎక్కడ చెడింది?

వైద్యుడిగా నన్ను పట్టి కూర్చోబెట్టిన భాగం ఇదే. దండిగా తిని పెరిగే నాచులో నూనె తక్కువ. నత్రజని ఆపేస్తే నూనె పడుతుంది. నత్రజని లేనిదే మాంసకృత్తులు లేవు, అవి లేనిదే కణం రెండుగా చీలదు. ఎండ మాత్రం పడుతూనే ఉంటుంది. వచ్చిన శక్తిని వాడుకునే దారిలేక కణం దాన్ని కొవ్వుగా మార్చి దాచుకుంటుంది. గంజి తప్ప పప్పూ పాలూ ఎరగని క్వాషియార్కర్ పిల్లవాణ్ణి పిల్లల వార్డులో చూసినవారికి ఇది తెలిసిన బొమ్మలాగే ఉంటుంది: ఒళ్లు ఉబ్బు, ఎదుగుదల లేదు, కాలేయం నిండా కొవ్వు. లోపల జరిగే క్రమం వేరు, పోలిక వరకే చెబుతున్నాను. ఆ పిల్లవాడు ఎదగనట్టే పస్తున్న నాచూ పెరగదు. కణంలో నూనె పెరిగింది, కణాల సంఖ్య తగ్గింది, మడుగు మొత్తానికి లాభం సున్న. కొవ్వు తయారీకి మొదటి మెట్టైన ఎంజైము జన్యువును ఒక రకం నాచులో ఎక్కించి చూశారు. ఎంజైము పెరిగింది గాని నూనె పెరగలేదు.

ఇది కాక నీళ్ల బాధ. నా మటుకు ఇదే పెద్ద చిక్కు. మడుగులో లీటరుకు ఉండేది అరగ్రాము నాచు. టన్ను నీటినుంచి అరకిలో వస్తుంది, అందులో నూనె నూరు గ్రాములు. 50 లీటర్ల కారు ట్యాంకు నింపాలంటే 440 టన్నుల నీటిలోంచి నాచును దేవాలి! రక్తంలో కణాలను విడదీయడానికి లాబొరేటరీలో గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజు మీరు చూసే ఉంటారు. ఇక్కడ చెరువునే తిప్పాలి. ముందు అడుక్కి పేరనిచ్చి, చిక్కబడ్డాక తిప్పినా కరెంటు ఖర్చు ఖర్చే. పైగా మూతలేని మడుగు. ఏరికోరి తెచ్చి వేసిన రకాన్ని గాలికి వచ్చిపడ్డ స్థానిక నాచు కొన్నాళ్లకు తరిమేస్తుంది.

2009లో ఎక్సాన్ మొబిల్ 60 కోట్ల డాలర్ల వరకు పెడతామని, జన్యుశాస్త్రవేత్త క్రెయిగ్ వెంటర్ సంస్థతో కలిసి రంగంలోకి దిగింది. 2017లో, పెరుగుదల పెద్దగా తగ్గకుండా ఒక నాచులో నూనెను 20 నుంచి 40 శాతానికి పెంచామని ప్రకటించారు. వెనకటి ముడి విప్పినట్టే! అయినా 2023కల్లా ఎక్సాన్ ఆ పనినుంచి తప్పుకుంది.

నాచుతో లాభపడినవారు లేరా అంటే ఉన్నారు. మెదడుకు, కంటిపొరకు కావలసిన డీహెచ్ఏ అనే కొవ్వు తల్లిపాలలో ఉంటుంది. చేపలకు అది వచ్చేదే నాచునుంచి. 2002నుంచి అమెరికాలో అమ్మే పసిపిల్లల పాలపొడిలో నాచు డీహెచ్ఏ కలుపుతున్నారు. ఆ నాచుకు ఎండతో పనిలేదు, మూసిన తొట్లలో చీకట్లో చక్కెర మేపి పెంచుతారు. దాని ధర గ్రాముల్లో పలుకుతుంది. డీజిలేమో పీపాల ధరతో పోటీపడాలి.

మొన్న మిత్రులకు ఫోనుచేసి ఇదంతా చెప్పాను. సైన్సు తప్పు కాదండీ, లెక్క తప్పు అన్నాను. బుద్ధి సంగతి నేనెత్తలేదు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆ పాలడబ్బా కంపెనీ వాటాలు కొనమంటారా?" అన్నారు.