నడచి చూచు చలనచిత్రము

మయుడు పాండవులకు నిర్మించి యిచ్చిన సభ మనకందఱకును తెలిసినదే. దుర్యోధనుడు అందు నీరులేనిచోట నీరున్నదని వస్త్రముల నెత్తిపట్టుకొనెను. నీరున్నచోట నేల యనుకొని పడిపోయెను. శిల్పి నేర్పు గొప్పదే. కాని చూడవచ్చిన యతిథికి ఆ సభలో దక్కినది అవమానము. కాబట్టి మాయను నిర్మించువాడు రెండు పనులు చేయవలెను: కన్నును నమ్మింపవలెను, ఆ మాయలో అతిథికి గౌరవమైన చోటొకటి చూపవలెను. ఈ రెండవపని యెంత కష్టమో, అమెరికాలో ఒక చలనచిత్రకథను ఆధారము చేసికొని కట్టిన వినోదపు పేటను ఉదాహరణముగా తీసికొని చెప్పదలచినాను.

జార్జి లూకస్ అను దర్శకుడు 1977లో 'స్టార్ వార్స్' అను వైజ్ఞానిక కల్పనాచిత్రమును వెలువరించెను. సుదూర నక్షత్రలోకములలో ఒక నిరంకుశ సామ్రాజ్యమునకును, దాని నెదిరించువారికిని జరిగిన పోరాటము దాని కథ. ఆ యొక్క చిత్రము పెద్ద చిత్రమాలకు మొదలైనది. వాల్ట్ డిస్నీ 1955లో కాలిఫోర్నియా రాష్ట్రమునందలి ఆనహైమ్ పట్టణమున నెలకొల్పిన డిస్నీలాండు అను వినోదవనములోనికి ఈ కథ 1987లోనే ప్రవేశించెను. 'స్టార్ టూర్స్' అను పేర ఒక గదిని నిర్మించి, జనులను కూర్చుండబెట్టి, ఎదుటి తెరపై ఆకాశయాత్రను చూపుచు, ఆ దృశ్యమునకు సరిపడునట్లు గదినంతను యంత్రములచే ఊపుచుండిరి. విమానచోదకుల శిక్షణకై పుట్టిన సాధనమునే వినోదమునకు మలచిరన్నమాట. అయినను అందు ప్రేక్షకుడు ప్రయాణికుడు మాత్రమే. నడుమునకు పట్టీ బిగించుకొని కూర్చుండుట తప్ప అతనికి వేఱు పనిలేదు.

2012లో డిస్నీ సంస్థ, లూకస్ స్థాపించిన చిత్రసంస్థను 400 కోట్ల డాలర్లకు మించిన మూల్యమునకు కొనెను. 2015లో కొత్తపేట నిర్మింతుమని ప్రకటించి, 2016లో పని ప్రారంభించిరి. కాలిఫోర్నియాలో చోటు చాలక, వనములోని కృత్రిమనదిని కుదించి, దాని చుట్టును తిరుగు చిన్నరైలు మార్గమును మలపవలసి వచ్చెను. 14 ఎకరముల ఈ పేటకు 'గెలాక్సీస్ ఎడ్జ్' అని పేరిడిరి. అది 2019 మే 31న కాలిఫోర్నియాలోను, అట్టిదే మఱియొకటి ఆగస్టు 29న ఫ్లోరిడాలోను తెఱువబడెను.

హైదరాబాదు చెంత 1996లో వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీకి పోవువారు, చిత్రములు తీయుటకై కట్టిన వీథులను చూతురు. ఇచ్చట క్రమము తలక్రిందు. ఏ చిత్రములోను ముందు కానరాని 'బటూ' అను గ్రహమును ఊహించి, అందొక వర్తకపుటూరిని కేవలము సందర్శకుల కొఱకే కట్టిరి. కారణము యోచింపదగినది. చిత్రములో చూచిన యూరిలో కథ యెప్పుడో జరిగిపోయినది. అచ్చట మనము ఆలస్యముగా వచ్చినవారము. ఎవరును ఎఱుగని యూరిలోనైన ప్రతివాడును తనకథను తానే మొదలిడవచ్చును. అందులకే శిల్పులు మొరాకో, టర్కీ దేశముల పాతబజారులను చూచివచ్చి వాని పోలికలతో సందులను తీర్చిరి. అంగడివారు ఆ గ్రహవాసులవలెనే మాటలాడుదురు. తెఱచిన కొత్తలో కోకాకోలా సహితము గుండ్రని సీసాలలో, కల్పితలిపితో నమ్మబడెను. కొబ్బరిపాలు, బియ్యపుపాలు కలిపి నీలిరంగు పానీయమొకటి చేసి యిత్తురు.

ఇక కన్నును నమ్మించు ఉపాయములలో రెండింటిని మాత్రము చెప్పెదను. 'రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్' అను ప్రదర్శనములో మనలను ఒక నౌకలోని కెక్కింతురు. అది యెగిరినట్లును, శత్రువులు దానిని పట్టుకొనినట్లును కిటికీలలో కనబడును. పిమ్మట, లోనికి వచ్చిన తలుపే తెఱచుకొనును. కాని వెలుపల వెనుకటి చోటు లేదు. శత్రునౌక యొక్క విశాలమైన మందిరమున 50 మంది సైనికుల ప్రతిమలు బారులు తీరి నిలిచియుండును. రహస్యమేమనగా, మనము కిటికీలవంక చూచుచుండగా ఆ గదియే మనకు తెలియకుండ తిరిగినది. ఆ తరువాత మనలను కొనిపోవు బండ్లకు నేలపై పట్టాలుండవు. ఎటు మలగునో ముందుగా ఊహింపలేము.

రెండవది, కథానాయకులలో నొకడైన హాన్ సోలో నడపిన 'మిలీనియమ్ ఫాల్కన్' నౌక. 100 అడుగులకు మించిన దాని నిలువెత్తు రూపము బయట నిలిచియున్నది. లోపల చోదకుల గదియొక్కటే యని తోచును గాని, నిజమునకు అట్టి గదులు అనేకము ఒక తిరుగుడు వేదికపై అమర్చబడినవి. ప్రతిజట్టును తామే ఆ నౌకలో నున్నామనుకొనును. ఒక్కొక్క గదిలో ఆఱుగురు: ఇద్దఱు చోదకులు, ఇద్దఱు తుపాకివారు, ఇద్దఱు మరమ్మతుదారులు. చోదకులలో నొకనికి ప్రక్కలకు త్రిప్పుట, రెండవవానికి పైకిక్రిందికి నడుపుట. వారు త్రిప్పినదానిని బట్టి తెరపై దృశ్యము అప్పటికప్పుడు మాఱును.

నేను పోయినప్పుడు నాకు మరమ్మతుపని లభించెను. వెలుగు బొత్తాములను నొక్కుటయే ఆ పని. అవి ప్రక్కగోడపై నుండుటచే, ఆకాశమును చూచిన పని చెడును. పని చూచిన ఆకాశము తప్పును. చోదకస్థానమున కూర్చున్న అపరిచిత బాలుడు మమ్ము గోడలకును కొండలకును తాకించెను. యాత్ర ముగియగానే అతడు వెనుకకు తిరిగి, ఎన్ని దెబ్బలు తిన్నామని నన్నడిగెను. అతనిభాషలో భేదము లేదుగాని, తెలుగున చెప్పవలసిన ఆ మాటకు 'మనము' అనవలెనే గాని 'మేము' అనరాదు. ఆ పేటలో నాకు మిక్కిలి నచ్చినది ఆ ప్రశ్నయే.

అయినను అందఱకును ఈ తృప్తి కలుగలేదు. 2019 వేసవిలో ఎదురుచూచినంత జనము రాలేదు. ఆ త్రైమాసికమున అమెరికాలోని తన వనములకు వచ్చినవారు నూటికి 3 వంతున తగ్గిరని సంస్థయే తెలిపెను. రద్దీకి జంకి కొందఱు ఆగిరి. ముఖ్యప్రదర్శనము ఆ సంవత్సరాంతమునకు గాని సిద్ధము కాలేదు. అదిగాక, పేట కథాకాలమును కొత్తచిత్రముల కాలముగా నిర్ణయించుటచే, 1977 నాటి చిత్రమును ప్రేమించినవారికి లూక్, లేయా, డార్త్ వేడర్ అచ్చట కానరారైరి. ఆత్మీయుల యింటికిపోయి, ఇల్లు బాగున్నది గాని ఇంటివారు లేరని తిరిగివచ్చినట్లు వారికి తోచెను.

ఈ పద్ధతి మితిమీఱినచోట ఫలమేమో ఫ్లోరిడాలో తేలినది. 2022 మార్చిలో అచ్చట 100 గదుల హోటలొకటి తెఱచిరి. రెండు రాత్రులు అతిథులు ఆకాశనౌకలోనే యున్నట్లు మెలగుచు, కథలో పాత్రలు వహింపవలెను. పోయినవారిలో పలువురు మెచ్చుకొనిరి. కాని దంపతులకు ధర దాదాపు 5000 డాలర్లు. 2023 సెప్టెంబరులో అది మూతపడెను. అతిథికి చోటు గౌరవముగానే అమర్చిరి; ఆ చోటికి చేరగలవారు కొలదిమంది యైరి.

2026 ఏప్రిల్ నుండి కాలిఫోర్నియా పేటలో లూక్, లేయా, హాన్, వేడర్ సంచరింతురని సంస్థ 2025లో ప్రకటించెను. కొత్తయూరిని విడువక, పాతవారిని పిలుచుకొనిరన్నమాట. దీనిని ఓటమి యని నేననను. జనులకు తమకొక పాత్ర కావలెను. తాము ప్రేమించినవారు ప్రక్కన నుండవలెను. ఈ రెండును సామాన్యుడు భరింపగల వెలకే దొరకవలెను. గదిని తెలియకుండ త్రిప్పుట నేర్చిన శిల్పులకు, ఇంకను మిగిలియున్న పని యిదియే.