కోకోకి కొబ్బరే తోడు

అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి తోటల్లోకి వెళ్తే చాలాచోట్ల రెండు పంటలు ఒకేసారి కనిపిస్తాయి. పైన కొబ్బరి, దాని నీడన కోకో. కొమ్మల చివర కాకుండా మొద్దుకే అతుక్కుని వేలాడే కోకో కాయల్లో కొన్ని పచ్చగా, కొన్ని పసుపుగా, కొన్ని ఎర్రగా ఉంటాయి. లేత కోకో మొక్క నేరుగా పడే ఎండకు ఓర్చుకోలేదు. కొబ్బరి మట్టల సందుల్లోంచి పడే వెలుగు దానికి సరిగ్గా సరిపోతుంది. అందుకే గోదావరి జిల్లాల రైతులు కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో దీన్ని అంతర పంటగా వేశారు. ఇవాళ దేశంలో కోకో ఎక్కువగా పండిస్తున్న రాష్ట్రం ఆంధ్రప్రదేశే.

తోటలో కలిసి పెరిగిన ఈ రెండూ వంటింట్లోనూ చక్కగా కలుస్తాయి. పాలు, మీగడ, వెన్న ఏవీ వేయకుండా డార్క్ చాక్లెట్, చిక్కటి కొబ్బరిపాలతో ఇంట్లోనే ట్రఫుల్స్ చేసుకోవచ్చు. పాలు పడనివాళ్ల కోసం ఏదో సర్దుకుని చేసే వంట కాదిది. డార్క్ చాక్లెట్‌కి మీగడ కన్నా కొబ్బరిపాలే మెరుగని నా గట్టి నమ్మకం. మీగడ కోకోలోని చేదునీ పులుపునీ కప్పేస్తుంది. కొబ్బరిపాలు వాటిని పైకి తెస్తాయి.

పాలు వచ్చింది తర్వాతే

చాక్లెట్ అనగానే పాలు గుర్తొస్తాయిగానీ వాటి బంధం అంత పాతది కాదు. మధ్య అమెరికా ప్రజలు వేల ఏళ్లపాటు కోకోను నీళ్లలోనే కలుపుకుని తాగారు. అందులో మిరపకాయలూ వేసుకునేవారు. స్విట్జర్లాండ్‌లోని వెవే పట్టణంలో డేనియల్ పీటర్ మిల్క్ చాక్లెట్ తయారుచేసింది 1875 ప్రాంతంలో. ఇక ట్రఫుల్ ఫ్రెంచివాళ్ల మిఠాయి. కరిగిన చాక్లెట్‌లో వేడి మీగడ కలిపితే వచ్చే ముద్దను గానాష్ అంటారు. దాన్ని ఉండలు చుట్టి కోకో పొడిలో దొర్లిస్తే, అక్కడి నేలలో దొరికే ట్రఫుల్ పుట్టగొడుగులా కనిపిస్తుందని ఆ పేరే పెట్టారు. పాడి పుష్కలంగా ఉన్న దేశం కాబట్టి వాళ్లు మీగడ వేశారు. మనకు కొబ్బరి ఉంది.

గానాష్‌కి నిజంగా కావలసింది కాస్త నీరు, కాస్త కొవ్వు, ఆ రెండూ విడిపోకుండా కలిసి ఉండటం. చాక్లెట్‌లో కోకో బటర్ ఎలాగూ ఉంటుంది. ఫ్రాన్స్‌కే చెందిన రసాయన శాస్త్రవేత్త ఎర్వే తిస్ 1990ల్లో ఒట్టి నీళ్లూ చాక్లెటూ కలిపి గిలకొట్టి, మీగడలా నురగలెత్తే పదార్థాన్ని చేసి చూపించారు. అక్కడ నీళ్లే చాలినప్పుడు, కొవ్వూ మాంసకృత్తులూ రెండూ ఉన్న కొబ్బరిపాలకు ఇదొక పనే కాదు.

చుక్క చూసి నమ్మొద్దు

దుకాణంలో చాక్లెట్ ఎంచుకునేటప్పుడే అసలు జాగ్రత్త కావాలి. ప్యాకెట్ మీది ఆకుపచ్చ చుక్క శాకాహారమని మాత్రమే చెబుతుంది, పాలు లేవని కాదు. డార్క్ అని పెద్దక్షరాలతో రాసినవాటిలోనూ పాలపొడి, పాల కొవ్వు ఉండే రకాలు చాలా ఉన్నాయి. వెనక్కి తిప్పి పదార్థాల వరుస చదవండి. మిల్క్ సాలిడ్స్, మిల్క్ ఫ్యాట్, వే పౌడర్, బటర్ ఆయిల్... వీటిలో ఏది కనిపించినా పక్కన పెట్టేయండి. కోకో బటర్ మాత్రం ఉండాల్సిందే. అది కోకో గింజలోంచి తీసిన కొవ్వు, దానికీ పాలకూ సంబంధం లేదు. పాలతో సహా జంతు సంబంధ పదార్థాలేవీ లేని ఆహారానికి ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రత్యేకంగా వీగన్ గుర్తును తెచ్చింది. అది ఉంటే వెతుకులాట తగ్గుతుంది.

కేకుల సామాను కొట్టుల్లో కిలోల లెక్కన దొరికే కాంపౌండ్ దిమ్మలు దీనికి పనికిరావు. వాటిలో కోకో బటర్‌కి బదులు వేరే వనస్పతి కొవ్వు ఉంటుంది. నోట్లో కరగకుండా నాలుకకు జిడ్డుగా అంటుకుంటుంది. కోకో 65 నుంచి 70 శాతం ఉన్న అసలైన డార్క్ చాక్లెట్ కొనండి. ధర ఎక్కువే. 2024లో ప్రపంచ మార్కెట్లో కోకో టన్ను పదివేల డాలర్లు దాటడంతో చాక్లెట్లన్నీ ప్రియమయ్యాయి. మన గోదావరి గింజలతోనే చేసిన బిళ్లలు దొరికితే ఇంకా మంచిది. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2023లో తలుపులు తెరిచిన ‘మనం చాక్లెట్’ ఆ గింజలకు పేరు తెచ్చింది.

ఆ గింజల వెనకున్న శ్రమ తెలిస్తే బిళ్లను చూసే చూపే మారుతుంది. కాయ పగలగొట్టి, తెల్లటి గుజ్జుతో ఉన్న గింజల్ని చెక్కపెట్టెల్లో పోసి, అరటాకులు కప్పి అయిదారు రోజులు పులియబెడతారు. లోపల వేడి 45, 50 డిగ్రీల దాకా వెళ్తుంది. మధ్యమధ్యలో తిరగేయాలి. ఆ తర్వాత ఎండబెట్టాలి. చాక్లెట్ రుచికి బీజం పడేది ఈ పులియబెట్టడంలోనే. అది సరిగా జరగకపోతే ఎంత వేయించినా, ఎంత రుబ్బినా చాక్లెట్ వాసన రాదు. ఇంత కష్టపడి తెచ్చిన రుచిని పాలపొడితో కప్పేయడం నాకు మనసొప్పదు.

ఇక గిన్నె పెట్టండి

రెండు వందల గ్రాముల చాక్లెట్‌కి వంద మిల్లీలీటర్ల చిక్కటి కొబ్బరిపాలు కావాలి. ముదురు కొబ్బరికాయ కోరి, రెండు మూడు చెంచాల గోరువెచ్చని నీళ్లు మాత్రమే చల్లి, మిక్సీలో తిప్పి, పలచటి గుడ్డలో వేసి గట్టిగా పిండండి. ఈ మొదటి పాలే వాడాలి. రెండోసారి నీళ్లు పోసి తీసిన పాలు కూరలో వేసుకోండి, ఇక్కడికొద్దు. అందులో నీరెక్కువ, ఉండ నిలవదు. తీరిక లేనివాళ్లు డబ్బాలో వచ్చే కోకోనట్ క్రీమ్ తెచ్చుకోవచ్చు. అందులోనూ పాల పదార్థాలేమైనా కలిపారేమో చదవాలి.

చాక్లెట్‌ని కందిగింజంత ముక్కలుగా తరగండి. ఈ పనిలో బద్ధకిస్తే తర్వాత ఉండలు ఉండలుగా మిగిలి విసిగిస్తుంది. కొబ్బరిపాలలో చిటికెడు ఉప్పు వేసి సన్నటి సెగ మీద, అంచుల్లో చిన్న బుడగలు వచ్చేదాకా వేడిచేయండి. తెర్లనివ్వకూడదు, విరిగిపోతాయి. వేడి పాలను చాక్లెట్ మీద పోసి, మూత పెట్టి రెండు నిమిషాలు వదిలేయండి. ఆ తర్వాత గరిటెతో నడిమధ్యలో చిన్న చుట్లు తిప్పుతూ, మెల్లగా అంచుల దాకా రండి. మొదట గరుకుగా, విరిగినట్టు కనిపిస్తుంది. కంగారు పడకండి. తిప్పుతుంటే ఒక్కసారిగా నునుపెక్కి అద్దంలా మెరుస్తుంది.

ఒక్కోసారి నూనె పైకి తేలుతుంది. కొవ్వుకు తగినంత నీరు లేదని అర్థం. ఒక చెంచా గోరువెచ్చని కొబ్బరిపాలు వేసి గట్టిగా కలిపితే మళ్లీ కలుస్తుంది. ఇంకా వేడి చేస్తే మరింత విరుగుతుంది కాబట్టి పొయ్యి మీదకు మాత్రం ఎక్కించొద్దు.

ఇక్కడ మన ఎండల సంగతి చెప్పుకోవాలి. కోకో బటర్ 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కొబ్బరినూనె 25 దగ్గరే కరుగుతుంది. ఈ రెండు కొవ్వులూ కలిస్తే ఆ మిశ్రమం కోకో బటర్ కన్నా మెత్తగా ఉంటుంది. అందుకే ఈ ట్రఫుల్ నాలుక మీద పెట్టగానే జారిపోతుంది. అందుకే మే నెలలో విజయవాడ వంటింట్లో ఉండ కట్టనని మొరాయిస్తుంది కూడా. ఎండాకాలంలో కొబ్బరిపాలు 80 మిల్లీలీటర్లు దాటనివ్వకండి, తెల్లవారుజామున పని మొదలుపెట్టండి. డిసెంబరు, జనవరిలో అయితే ఏ ఇబ్బందీ లేదు.

గానాష్‌ని ఫ్రిజ్‌లో రెండు గంటలు ఉంచాక చెంచాతో గీరి చూడండి. ముద్దలా లేస్తే సిద్ధమైనట్టే. చేతులు చల్లటి నీళ్లలో ముంచి, పొడిగా తుడుచుకుని, గోలీకాయంత ఉండలు త్వరత్వరగా చుట్టండి. అరచేతి వేడికి కరుగుతుంటే పళ్లేన్ని పది నిమిషాలు మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టండి. ఆఖరున తీపి లేని కోకో పొడిలో దొర్లించండి. పైన చాక్లెట్ తొడుగు కూడా వేయాలనుకుంటే థర్మామీటర్ కావాలి. చాక్లెట్‌ని 45 డిగ్రీలకు కరిగించి, 27కు చల్లార్చి, మళ్లీ 31కి తెచ్చాకే ముంచాలి. అప్పుడే తొడుగు నిగనిగలాడుతూ, కొరికితే టప్‌మని విరుగుతుంది. మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా, కోకో పొడితో ఆగిపోండి. రుచిలో లోటేమీ ఉండదు.

వాసనల విషయంలోనూ పొదుపే మేలు. యాలకులు నాకు ఎంతో ఇష్టమేగానీ ఇందులో వేయను, చాక్లెట్‌ని అణిచేస్తాయి. అరకు కాఫీ గింజల్ని కచ్చాపచ్చాగా దంచి, వేడి కొబ్బరిపాలలో పది నిమిషాలు నానబెట్టి వడకడితే మాత్రం అద్భుతంగా ఉంటుంది. గింజలు పీల్చుకున్నంత మేర పాలు మళ్లీ కొలిచి పోసుకోండి. తాటిబెల్లం ఒక చెంచా పాలలో కరిగించి వడకడితే చేదుకు కాస్త పొగ వాసన తోడవుతుంది. కోకో పొడికి బదులు వేయించిన నువ్వుల పొడిలో దొర్లించినవి మా ఇంట్లో ముందుగా ఖాళీ అవుతాయి.

ఇంట్లో పిండిన కొబ్బరిపాలు త్వరగా పులుస్తాయి. అందుకే ట్రఫుల్స్‌ని గాలి చొరబడని డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచి, నాలుగు రోజుల్లో తినేయాలి. బయటికి తీయగానే మూత తీస్తే తేమ పట్టి కోకో పొడి తడిసిపోతుంది. మూత అలాగే ఉంచి పావుగంట బయట పెట్టండి. చల్లగా ఉన్నప్పుడు కోకో రుచి సగమే తెలుస్తుంది.

ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఒక్క మాట అడగండి. పాలు తాగితే కడుపుబ్బరం వచ్చేవాళ్లది సాధారణంగా లాక్టోజ్ అరగని సమస్య, వాళ్లకు ఈ ట్రఫుల్ నిశ్చింతగా పెట్టొచ్చు. పాలలోని మాంసకృత్తులకే అలర్జీ ఉన్న పిల్లల సంగతి వేరు, కొద్దిపాటి పాల అంశం కూడా వాళ్లకు ప్రమాదమే. చాక్లెట్ ప్యాకెట్ మీద పాల ఆనవాళ్లు ఉండవచ్చన్న హెచ్చరిక ఉంటే అది వాళ్లకు పెట్టకూడదు. డబ్బా మీద చిన్న కాగితం అంటించి అందులో వేసినవన్నీ రాయండి. కొబ్బరి, నువ్వులు, చాక్లెట్‌లోని సోయా లెసిథిన్... ఏదీ వదలొద్దు. కిందే చేసిన తేదీ కూడా.